నీళ్ల తొట్ల ముంచిన ఇనుము

ఎల్లారెడ్డి,
బుధవారం, జూలై 1993.

చిరంజీవి ప్రమీలకు,

బాపు దీవించి రాసేది. ఇక్కడ నేను, నీ తమ్ముడు నారాయణ, బర్రె అందరం మంచిగనే ఉన్నం. కామారెడ్డిల మీ అత్తగారింట్ల నువ్వు, పసిబిడ్డ, నీ తోడుకొచ్చిన అవ్వ గట్లనే ఉన్నరని తలుస్తున్న.

నీ జాబు ముట్టింది. పిల్లకు నా ముక్కు వచ్చిందని అవ్వ అంటున్నదట. పాపం, ఆడపిల్లకు నా ముక్కు ఎందుకు. ఆపరేషన్ కుట్లు ఇంకా గుంజుతున్నయని రాసినవ్. అది చదివిన కాడి నుంచి నాకు కొలిమి కాడ కుదురు లేదు. పొలం నాట్లు అయినయి. బర్రె ఈనలేదు.

శుక్రవారం మిమ్ముల తోలుకరానీకి తమ్ముడు బండి తెస్తడా అని అడిగినవ్. ఆ ముచ్చటనే రాయాలె.

వడ్ల బస్తాలేస్తే పికప్ బండి ఎనక కుంగుతున్నదని, వాడు చక్రాల మీది కమాన్లకు స్ప్రింగు పట్టీలు పెంచి ఎత్తు లేపిండు. బండి లేచింది గని ఎగురుడు ఆపే షాకబ్జర్లు పొట్టిగైనయి, అందుతలేవు. పొడుగుయి కొనమన్న. ఇంట్ల కమ్మరిని పెట్టుకొని దుకాణం ఎందుకన్నడు. ఇరిగిన కమాన్ పట్టీ తెచ్చి నా ముందల ఏసిండు. కాల్చి, సాగగొట్టి, బొక్కలు పెట్టి, షాకబ్జర్లకు అతుకు ముక్కలు చేసిచ్చిన. బిగించుకొని అడ్డా మీద అందరికి చూపెట్టిండు. బస్సు డ్రైవరు యాకూబు, ఒంటె లెక్క లేపినవ్, ఎక్కనీకి నిచ్చెన గూడ మీ బాపునే చెయ్యమను అన్నడట. మనోడు అది గూడ సంబురంగనే చెప్పిండు.

బిడ్డా, ఇగ అసలు సంగతి. ఆ ముక్కలు ఎర్రగ ఉన్నప్పుడే నీళ్ల తొట్ల ముంచిన. కొడవండ్లు ముంచి ముంచి అలవాటైన చెయ్యి, దానంతట అదే పోయింది. కొడవలికైతే పదును నిలుస్తది. గుంతలల్ల దెబ్బలు తినే ముక్కను బూడిదల పెట్టి మెల్లగ సల్లార్చాలె. లేకుంటే గట్టిగనే ఉంటది గని గాజు లెక్క పలుగుతది. నారాయణ పక్కనే ఉండి, "నీళ్లు పెట్టినవ్ బాపు, ఇగ జన్మల ఇరగదు" అన్నడు. వాని మురిపెం చూసి ముక్కలు వాని చేతికే ఇచ్చేసిన.

పొద్దున, అట్లనే ముంచి మిగిలిన ముక్కను దాగలి మీద పెట్టి సుత్తెతోటి ఒక్కటేసిన. రెండైంది.

అప్పటికే వాడు లోడుతోటి బాన్సువాడ పోయిండు. అటు నుంచి అటే మీ దగ్గరికి వస్తడు. వానకు రోడ్డంత గుంతలు. లోడు దించినంక బండి ఇంకా ఎగురుతది. ముక్క ఇరిగితే ఎటు ఊగుతదో తెల్వదు. ఒక దిక్కు వాడు, ఒక దిక్కు నీ కుట్లు, ఒళ్ల పసిపిల్ల.

ఈ జాబు యాకూబు చేతికి ఇస్తున్న, ఇంటికాడ ఇచ్చిపోతడు. మీరు ఆ బండి ఎక్కకుండ్రి. వాన్ని గూడ కదలనియ్యకుండ్రి. కొత్త ముక్కలు చేసి బూడిదల పెట్టిన. సల్లారంగనే బస్సుల నేనే తెచ్చి, నా చేతితోటే మార్చుత.

వాని ఎదురుంగ నిలబడి ఈ మాట చెప్పుడు నాకు చాతనైతలేదు. నువ్వే చదివి వినిపియ్యి. లోడుతోటి తిరిగొచ్చిన, ఏం కాలే అని నవ్వుతడు, నవ్వనియ్యి. బండి తాళంచెయ్యి మాత్రం అవ్వను కొంగుకు కట్టుకొమ్మను. ఆ ముడి ఇప్పే ధైర్యం మన ఇంట్ల ఎవ్వలికి లేదు.

ఇట్లు,
నీ మేలు కోరే బాపు,
లస్మయ్య