ఆ ఏడు కథల్లో మగవాళ్లు మగవాళ్లే

నా వయసు ఇరవై తొమ్మిది. అన్నయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అక్కడందరూ ప్రూఫులమ్మాయి అంటారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ మతి చెడలేదని వార్డు డాక్టరుగారు పరీక్షించి చెప్పారు. ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. అమలు జరిపే బాధ్యత పిన్నిది.

1. నా గొలుసు, రెండు గాజులు అమ్మకు. నా పెళ్లికని దాచింది. ఇక దాచనక్కర్లేదు.

2. నిఘంటువు కాన్వెంటు లైబ్రరీకి. మాట్లాడకుండా ఉండటం సుగుణమని అక్కడ సిస్టర్లు చెప్పారు. నమ్మాను.

3. టేబుల్ లైటు వదినకు. ఆస్పత్రికి వచ్చినప్పుడల్లా నాకు జడ వేసింది, ఒక్క ప్రశ్న వేయలేదు.

4. నా పేరుతో అచ్చయిన ఏడు కథల పుస్తకం, మిగిలిన ప్రతులన్నీ అన్నయ్యకే. అవి నేను రాసినవి కావు. నేను రాసింది ఒకే స్తంభం చెక్కిన ఇద్దరు శిల్పుల గురించి, పక్కపక్కన తెడ్డు వేసిన ఓడ కళాసీల గురించి, యుద్ధంలో ఒకే కంబళి కప్పుకున్న సిపాయిల గురించి, తంతి ఆఫీసు గుమాస్తాల గురించి. ఏ కాలమైనా ఇద్దరూ మగవాళ్లే, ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్లే. నేను జ్వరంతో పడివుండగా అన్నయ్య జంటకొకరిని ఆడదాన్ని చేసి అచ్చు వేశాడు. తంతి గుమాస్తా గడ్డం గీసుకునే చోట మార్చడం మరిచిపోయాడు. అద్దం ముందు నురగ పూసుకునే కథానాయికను చూసి చదివినవాళ్లంతా నవ్వారు. “నీ మంచికే చేశానే పిచ్చిదానా! ఇద్దరు మగాళ్లంటే ఆ తర్వాత మన గుమ్మం ఎవరు తొక్కుతారు?” అన్నాడు. రాతప్రతి పొయ్యిలో పెట్టానని కూడా అప్పుడే చెప్పాడు. నేను క్షమించలేదు. ఈ మాటా వీలునామాలో భాగమే.

5. కాబట్టి ఆ కథలు ఇప్పుడు ఒక్కచోటే ఉన్నాయి, మా బైండింగులో పనిచేసిన ఆమె జ్ఞాపకంలో. ఆమె అచ్చుకాగితాలు మడుస్తుంటే పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. “ఆ శిల్పుల్ని విడదీశావో, నీతో మాట్లాడను చూడు” అంది. విడదీయలేదు. మగవాళ్లను పెట్టి ఏ ఇద్దరి గురించి రాశానో ఆమెకు చెప్పలేదు. తెలుసనుకుంటాను. అన్నయ్య ఆమెను పనిలోంచి తీసేశాక రెండుసార్లు కబురంపాను. రాలేదు. ఏడు కథల మీద సర్వహక్కులూ ఆమెవి. ఎవరికి చెప్పినా, అచ్చు వేయించినా మావాళ్లెవరూ అడ్డు రాకూడదు.

6. పిన్ని స్వయంగా వెళ్లి ఆ కథలు గుర్తున్నాయా అని ఆమెను అడగాలి, ఆమె భర్త ఇంట్లో లేనప్పుడు. “ఏం కథలండీ? నాకేం గుర్తులేదు” అంటే రెట్టించకుండా వచ్చేయాలి. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో ఎవరికీ చెప్పకూడదు. అప్పుడిక నేను రాసినదంటూ ఏదీ లేదు.

1987 జూలై 14, మంగళవారం.

(సంతకం)
ప్రూఫులమ్మాయి

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. వార్డు డాక్టరు
2. పగటి డ్యూటీ నర్సు