నల్లోడి ముద్ద

వదినగారికి,

ఆదివారం వచ్చి మా నల్లకుక్కని మీ ఇంటికి తీసుకెళ్తానన్నారు. రావద్దని చెప్పడానికే రాస్తున్నాను, కోపం తెచ్చుకోకండి.

నల్లోడి ఒళ్ళు మీరు చూశారుగా. గోకి గోకి పొట్టంతా పుండు చేసుకున్నాడు. కోడిగుడ్డు పడటం లేదట. "అదొక్కటి మానిపించండమ్మా, కుక్క బాగవుతుంది" అన్నాడు పశువుల డాక్టరు. సరేనని అన్నం వేళకి వాణ్ణి వెనకగదిలో కట్టేశాను.

మీ తమ్ముడు కంచం ముట్టలేదు. ఆపరేషన్ అయ్యాక ఆయన కడుపులో నిలిచేది గుడ్డు కలిపిన అన్నమొక్కటే. అదీ వాడికో ముద్ద పెడితేనే తనో ముద్ద తింటారు. వాడికి వేరే అన్నం కలిపిస్తే కనిపెట్టి తోసేశారు. "వాడికి లేనిది నాకెందుకే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఊహూఁ.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఏమన్నాడో మీరూ పక్కనే ఉండి విన్నారు. ఈ ఇంట్లో ఇక బాగయ్యేది నల్లోడొక్కడే వదినా. మీ దగ్గరుంటే బాగవుతాడు కూడా. నాకు తెలుసు.

అయినా ఈ పొద్దున రెండు గుడ్లు ఉడకబెట్టాను. మీ తమ్ముడు కంచం ఖాళీ చేశారు.

అంతకుముందు వెనకగదిలో తాడు విప్పుతుంటే, వాడు నా చెయ్యి నాకాడు.

మీ మరదలు