సుత్తి చప్పుడు చెరపలేదు

ప్రియమైన అక్కకి,

నీటి శాఖ పెట్టిన పోటీలో మీ మోటార్ల రిపేరు షాపు పేరు చూసి ఉలిక్కిపడ్డాను. పంపు మోటారు చప్పుడు విని, అది పాడవబోతోందని ముందే చెప్పే పెట్టె కావాలట వాళ్లకి. నలభై దేశాలకి సరుకు పంపే మా కంపెనీలో నూట ఇరవై మందిమి రెండేళ్లుగా ఇదే పని మీదున్నాం. గోడలకి మెత్తలు తాపిన గదిలో, సూది పడితే వినపడేంత నిశ్శబ్దంలో చప్పుళ్లు రికార్డు చేశాం. మీ షాపులో సగం రోజు కరెంటే ఉండదు. నలుగురిలో నవ్వులపాలవుతావని నా భయం. పేరు వెనక్కి తీసుకో అక్కా.

ప్రేమతో,
నీ చెల్లి

---

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివితే ఒళ్లు మండింది. మోటారుకి స్క్రూడ్రైవర్ ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని బేరింగ్ సంగతి చెప్పడం నీకు నేర్పిందెవరే? మీరు గెలిస్తే పెట్టెలతో పాటు పంపుల రిపేర్లూ మీకే పోతాయి. ఇక్కడ వైండింగ్ చేసుకునే, మోటార్లకి రాగి తీగ చుట్టి బతికే తొమ్మిది మంది ఆడవాళ్లు ఏమైపోవాలి?

మా పెట్టెకి పక్కింటి లెక్కల టీచరు ప్రోగ్రాం రాసింది. అరచేతిలో పట్టే పెట్టె, బ్యాటరీతో నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. ఒక్కటే చిక్కు. పెట్టెకి నేర్పడానికి ఏడాదిగా షాపుకొచ్చిన ప్రతి మోటారు చప్పుడూ పాత ఫోన్లో రికార్డు చేశాం, కానీ చేతిలో పని ఆపకుండా చేశాం. ఇప్పుడు వింటే అన్నిట్లోనూ సుత్తి దెబ్బలు, లారీ హారన్లు, టీ చల్లారిపోతోందని నా అరుపులు! పనికొస్తాయంటావా?

మీ అక్క

---

అక్కకి,

పనికిరావు. అంత గోలలో నేర్పితే పెట్టెకి మతిపోతుంది. అవన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలి. పరీక్ష పది రోజుల్లో ఉంది, నీ వల్ల కాదు. మానెయ్.

చెల్లి

---

చెల్లాయికి,

చెరపలేదు. నిశ్శబ్దంగా ఉండే గది మాకెక్కడుందే? ఉన్నది ఉన్నట్టే పట్టుకొస్తున్నాం. పరీక్ష రోజు నువ్వు అటుపక్క, మీ కంపెనీ వాళ్లతో నిలబడతావు. నన్ను చూసి తల తిప్పుకోకు, అది చాలు.

అక్క

---

గెలిచిన మా అక్కకి,

నువ్వు బస్సెక్కాక కూడా పరీక్ష జరిగిన తీరే నా కళ్ల ముందు తిరుగుతోంది. ఆ పంపు హౌసులో నీళ్ల హోరు, బయట రోడ్డు తవ్వే మిషను. మా పెట్టె బెదిరిపోయి పన్నెండు పంపులూ పాడయ్యాయంది. ఆపైన నెట్ తెగి నోరు మూసుకుంది. మీ పెట్టె మాత్రం ఒక్క ఏడో పంపు దగ్గరే ఎర్ర దీపం వెలిగించింది. మా మేనేజరు నవ్వాడు. విప్పి చూస్తే బేరింగ్ గుండ్లు అరిగిపోయి చేతిలోకి రాలాయి. అప్పుడు మొదటి చప్పట్లు ఎవరివో చూశావా? నావే. అటుపక్క నిలబడే కొట్టాను.

ఒకటి దాచాను అక్కా. నిన్ను మానుకోమన్నది నీ మీద బెంగతో కాదు. మా పెట్టె గది దాటితే తికమక పడుతుందని నాకు ముందే తెలుసు. రికార్డుల్లో సుత్తి దెబ్బలున్నాయని నువ్వు రాసినప్పుడే, గోలలో నేర్చుకున్న మీ పెట్టె ఏ గోలకీ బెదరదని, మేం ఓడిపోతామని అర్థమైంది. అందుకే చెరిపేయమన్నాను. సిగ్గుగా ఉంది, క్షమించు.

నిన్న మేనేజరు మా నిశ్శబ్దం గది తలుపులు బార్లా తీయించాడు. ఈసారి గోలలోనే రికార్డు చేయాలట, సుత్తి కొట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారని నన్నే అడిగాడు.

"మా అక్క షాపులో తొమ్మిది మంది ఉన్నారు సార్. కానీ ఊరూరి పంపులూ వాళ్ల చేతిలోనే ఉన్నాయి, ఇప్పుడు ఖాళీ లేదు" అని చెప్పాను.

నీ దగ్గర పని నేర్చుకున్న,
చెల్లి