మొరాయించిన అయస్కాంతాలు

అక్కయ్యకు, నేను కులాసా. కరెంటు పోయినప్పుడల్లా నాన్న ఆయాసానికి ఆవిరి పట్టే మిషను ఆగిపోతోందనే నా దిగులంతా.

అందుకే కరెంటు లేకుండా దానంతటదే తిరిగేలా అయస్కాంతాలతో మోటారు చేశాను. చేత్తో తిప్పి వదిలితే బాగానే తిరిగింది. కరెంటు పుట్టించే కారు ఆల్టర్నేటర్‌కు బెల్టు తగిలించగానే మొరాయించింది. పక్కగది దర్జీ నవ్వి, "అయస్కాంతాలు అలిగితే అలగనీ తమ్ముడూ, నా కాళ్లు అలగవులే" అంటూ తన కుట్టుమిషను చక్రానికి బెల్టు వేసి తొక్కాడు. బల్బు వెలిగింది! దానికి తగిలించిన కారు బ్యాటరీ కూడా ఛార్జి ఎక్కుతోంది. ఇద్దరం గదిలో గంతులేశాం.

నాన్న మిషను అడుగున ఎన్ని వాట్లని ఉందో చూసి రాయి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇలాంటి తొక్కుడు మిషనే ఒకటి తెస్తాను, బావగారిని వరండాలో ఓ మూల ఖాళీ చేయమని చెప్పు. తొక్కే ఉద్యోగం ఆయనదే.

అమ్మకు నమస్కారాలు. నాన్నకు ధైర్యం చెప్పు, వస్తున్నాను.

నీ తమ్ముడు