కారం తువ్వాలు

29 డిసెంబర్ 2025, సోమవారం

బుడాన్ పోయాడు.

30 డిసెంబర్

నిన్న అంతకుమించి రాయబుద్ధి కాలేదు.

పొద్దున్న గుండెపోటట. అరవై నాలుగేళ్ళు. నేను తొమ్మిదో తరగతికి త్రిభుజాలు చెబుతుంటే మా ఆయన ఫోన్ చేశారు. మీ సైకిల్ హీరో పోయాడంట, మసీదు మైకులో చెప్పారు అన్నారు. బోర్డు మీద అప్పటికి రెండు గీతలు గీశాను. మూడోది గీయకుండానే కూర్చున్నాను. బెల్లు కొట్టాకే లేచాను.

సాయంత్రం జనాజా. చిలకలూరిపేట అంతా కదిలిందని రాస్తే అబద్ధం. పత్తి లారీలు ఎప్పటిలాగే హారన్లు కొట్టుకుంటూ పోయాయి. కానీ వచ్చినవాళ్ళు మాత్రం ఎక్కడెక్కడినుంచో వచ్చారు, అన్నీ నెరిసిన తలలే. ఒకాయన మేదరమెట్ల నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. స్పిన్నింగ్ మిల్లు నెలనెలా జీతమిచ్చి, సైకిల్ తొక్కడమే నీ ఉద్యోగం అనిపించుకున్న మనిషి ఈ చుట్టుపక్కల బుడాన్ ఒక్కడే. గుంటూరు-ఒంగోలు రోడ్ రేస్ నాలుగుసార్లు గెలిచాడు. బొంబాయి, పూనా వెళ్ళి కూడా గెలిచొచ్చాడు. తొంభై నాలుగులో మానేసి, పేటలోనే సైకిల్ షాపు పెట్టుకున్నాడు.

మగవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళాక ఆడవాళ్ళం వరండాలో మిగిలాం. ఆయన భార్య జైతున్‌బీ గోడకి ఆనుకుని కూర్చుంది. మీదే ఊరమ్మా అని అడిగింది నన్ను. ఇదే ఊరు, హైస్కూల్లో టీచర్ని అన్నాను. అంతే అన్నాను. చెప్పాల్సింది ఇంకా ఉంది.

వరండా చివర ఆ ఆకుపచ్చ రేసు సైకిల్ నిలబెట్టి ఉంది. ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు.

4 జనవరి 2026, ఆదివారం

బుడాన్‌తో పాటు రేసుల్లో తొక్కిన గఫూర్ ‘బుడాన్ అభిమానులు’ అని వాట్సాప్ గ్రూప్ పెట్టాడు. పేటలో సైకిల్ మెకానిక్ ఆయన. రాత్రికి రెండు వందల మంది చేరారు. నలభై రోజుల ఫాతెహా ప్రార్థన ఫిబ్రవరి ఆరున. ఎనిమిదో తేదీ ఆదివారం, గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఆయన పేరు మీద రైడ్. బుడాన్ సైకిల్ మీద మనవరాలు నగ్మా తొక్కుతుందట. బీటెక్ చదువుతోంది, తాతే నేర్పాడట.

గ్రూపులో ఎవరో ఎనభై ఏడు నాటి పేపర్ ఫొటో పెట్టారు. ఒంగోలులో గీత దాటుతున్న బుడాన్, మెడలో గళ్ళ తువ్వాలు, మూసుకున్న కళ్ళు, చెంపల మీద ధారగా నీళ్ళు. కింద ‘విజేత ఆనందబాష్పాలు’ అని రాశారు.

ఇక మొదలైంది. రేసు రోజున ఊళ్ళవాళ్ళు తడి తువ్వాళ్ళు పట్టుకుని రోడ్డు పొడుగునా నిలబడడం అప్పట్లో అలవాటు. ఆ మెడలోది నాదే అని మంగళగిరి పానకాలు, మా మగ్గం మీద నేసిందే, అంచు చూస్తే తెలీట్లా అంటూ. యడ్లపాడు గురవమ్మ రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది, నా చేత్తో నేను ఇచ్చానయ్యా, మా పిల్లలమీద ఒట్టు అని. పడుకునేలోపు లెక్కేశాను. ఒక మెడ, పదిహేడు తువ్వాళ్ళు.

పద్దెనిమిదోదాన్ని నేను. గ్రూపులో దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను.

11 జనవరి

ఎవరికీ చెప్పనిది ఇక్కడైనా రాయాలి.

ఎనభై ఏడు ఫిబ్రవరి. నాకు పదిహేడు. మార్టూరు దాటాక రోడ్డు పక్కనే మా మిరప కల్లం, నేను కాపలా. ఘాటుకి ఆగలేక నాన్న కొత్త చీరాల తువ్వాలు ముక్కుకి కట్టుకుని పొద్దుటినుంచీ కాయలు తిరగేస్తున్నాను. రేసు వెళ్ళిపోయింది. అందరూ పోయాక ఒక్కడే వచ్చాడు, మా ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం దగ్గర ఆగాడు. ఒక కాలు నేల మీద, చెయ్యి పిక్క మీద. పిక్కలు పట్టేశాయి. వెనక, మానేసినవాళ్ళని ఎక్కించుకునే లారీ వస్తోంది.

ముక్కుకున్న తువ్వాలు విప్పి, కుండలో ముంచి చేతికిచ్చాను. ఇంకెంతో లేదన్నా, పది కిలోమీటర్లే అన్నాను. నిజమా అన్నాడు. తలూపాను. అక్కడినుంచి ఒంగోలు యాభై రెండు కిలోమీటర్లు. నాకేం తెలుసు, ఒంగోలు అప్పటికి చూడనే లేదు. ఏదో ఒకటి అనాలని అన్నాను.

మొహమంతా రుద్ది తుడుచుకుని, మెడలో వేసుకుని పోయాడు. కనుమరుగయ్యాక గుర్తొచ్చింది నాకు. ఆ తువ్వాలు నిండా కారం.

సాయంత్రం నాన్న లెంపకాయ కొట్టాడు, రోడ్డున పోయే మగాడికి కొత్త తువ్వాలు ఇస్తావా అని. అది పెద్దగా నొప్పనిపించలేదు. మర్నాడు పేపర్లో ఫొటో చూసినప్పుడు అనిపించింది. ఆనందబాష్పాలట. యాభై రెండు కిలోమీటర్లు కళ్ళు మండుతూ తొక్కాడు నా వల్ల.

18 జనవరి

ఒకసారి ఆయన షాపుకి వెళ్ళాను. అమ్మాయి ఎనిమిదో క్లాసులో ఉండగా, దాని సైకిల్ పంక్చరైతే. చెప్పేద్దామనే వెళ్ళాను. క్షమించమందాం, నేనే ఆ పిల్లనందాం. పంక్చరా టీచర్‌గారూ అన్నారు. అవునండీ అన్నాను. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూశారు, అతికించారు, గాలి కొట్టారు. పావుగంట. ఆయన వెనకే కొక్కేనికి ఆ ఆకుపచ్చ సైకిల్ వేలాడుతూ ఉంది. దాన్నే చూస్తూ కూర్చుని లేచి వచ్చేశాను.

తర్వాత పదిహేనేళ్ళు రోజూ రెండుపూటలా బస్సు ఆ షాపు ముందునుంచే పోయింది. కిటికీ పక్కనే కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ షట్టర్ వేసి ఉంటోంది. అటు చూడకుండా ఉండలేను, చూసి ఉండలేను.

25 జనవరి, ఆదివారం

గఫూర్ షాపులో సైకిల్ సర్వీసింగ్. గ్రూపులో పిలిస్తే నలుగురం వెళ్ళాం. మా ఆయన కూడా వచ్చారు, టీ తాగడానికి. పానకాలు మంగళగిరి నుంచి బస్సెక్కి వచ్చి రిమ్ములు తోమాడు. గఫూర్ చైన్ మార్చాడు. నాకు హ్యాండిల్ ఇచ్చారు.

హ్యాండిల్‌కి చుట్టిన పాత గుడ్డ చెమటకీ జిడ్డుకీ నల్లగా గట్టిపడిపోయి ఉంది. బ్లేడుతో కోసి, గీరి, గంటసేపు విప్పాను. అడుగు చుట్టులో ఎర్రగళ్ళలాంటివి కనిపించాయి. ఏ పాత లుంగీయో అనుకున్నాను. పీలికలన్నీ పోగేసి చెత్తబుట్టలో పడేశాను. ఎర్ర టేపు కొత్తది గఫూర్ చుట్టాడు. సైకిల్ మెరిసిపోయింది. ఫొటోలు దిగాం.

ఆయన చేతులు పట్టుకున్న చోట నా చేతులు గంటసేపు ఉన్నాయి. ఇంటికొచ్చి సబ్బు రాసుకోకుండా కాసేపు కూర్చున్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చో.

26 జనవరి

జెండా వందనంలో ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు.

1 ఫిబ్రవరి

రైడ్ రూట్ మీద గ్రూపులో కొట్లాట. సర్వీస్ రోడ్డు నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, వాటి మీదుగా ఎలా పోతార్రా అని ఒకళ్ళు. మా ఊళ్ళో అరగంట ఆగి తీరాల్సిందే అని ఇంకొకళ్ళు. గురవమ్మ మజ్జిగ కుండలు పెడతానంది, ఆగకపోతే మర్యాదగా ఉండదు అని కూడా అంది.

6 ఫిబ్రవరి, శుక్రవారం. రాత్రి

వరసగా రాస్తాను.

ఫాతెహా అయింది. అన్నాలు తిన్నాక జైతున్‌బీ మమ్మల్నందర్నీ లోపలికి పిలిచింది. నగ్మా మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగింది. నిండా తువ్వాళ్ళు. ఉతికి, మడతపెట్టి, ముప్పై ఒకటి. రేసుల్లో జనం ఇచ్చినవన్నీ. ఇవి ఆయనవి కావు, అమానత్ అంది జైతున్‌బీ. ఒకరి వస్తువు మన దగ్గరుంటే, మనిషి పోయాక ఇంటివాళ్ళు తిరిగిచ్చెయ్యాలంట. ఎవరివి వాళ్ళు తీసుకోండి, ఆయన్ని తేలికగా పోనివ్వండి అంది.

అప్పట్లో బట్టలు రేవుకి వేసేటప్పుడు మూలన చెరిగిపోని నల్లజీడి రసంతో ఇంటింటికో గుర్తు పెట్టేవాళ్ళు. గురవమ్మ తన గుర్తు వెతికి పట్టుకుంది, మూడు చుక్కలు. తువ్వాలు మొహానికి అద్దుకుని కూలబడిపోయింది. పానకాలు అంచు చూసి తనది తీసుకున్నాడు. పదిహేడు మందీ నిజమే చెప్పారు. ఒకే ఏడాది ఇచ్చినవి కావు, అంతే.

మా ఇంటి గుర్తు గీత, దాని కింద సున్నా. ముప్పై ఒకటీ చూశాను. లేదు. పారేసి ఉంటాడు, కళ్ళు మండించిన దాన్ని ఎవరు దాస్తారు అనుకున్నాను.

అప్పుడు జైతున్‌బీ అంది. ఇంకొక్కటుంది, అది మాత్రం ఇవ్వనన్నాడు, పైన నేనే జవాబు చెప్పుకుంటా అన్నాడు అని. మార్టూరు దాటాక పిక్కలు పట్టేసి లారీ ఎక్కబోతుంటే ఎవరో పిల్ల ఇచ్చిందంట. నిండా కారమంట. కళ్ళమంటకి కాళ్ళనొప్పి మర్చిపోయాడంట. పైగా పది కిలోమీటర్లే అని అబద్ధం చెప్పిందంట. ఆ పది కోసం యాభై తొక్కాడంట. అదే ఆయన మొదటి గెలుపు. దాన్ని చింపి హ్యాండిల్‌కి చుట్టుకున్నాడు, ముప్పై తొమ్మిదేళ్ళు ఎవర్నీ మార్చనివ్వలేదు, తీసుకురావే నగ్మా, అందరూ చూస్తారు అంది.

నగ్మా సైకిల్ తెచ్చింది. ఎర్ర టేపు తళతళలాడుతోంది.

గఫూర్ నావైపు చూడకుండా నేల చూశాడు. ఎవరు తీశారు అని అడిగింది జైతున్‌బీ. నేనే అన్నాను. ఆమె ఒక్కమాట కూడా తిట్టలేదు. టేపు మీద చెయ్యి పెట్టి, ఆ పిల్ల ఎక్కడుందో, ఇప్పుడు ఏమిచ్చి తీర్చను అంది.

ఆ పిల్లని నేనేనని అప్పుడు చెప్పలేకపోయాను. ఏ మొహంతో చెప్పను.

7 ఫిబ్రవరి. మధ్యాహ్నం

సీఎల్ పెట్టాను. గఫూర్‌ని అడిగితే, ఆ పీలికలతోనే చైన్ తుడిచానమ్మా, మున్సిపాలిటీ బండి ఎప్పుడో పట్టుకుపోయింది అన్నాడు. డంపింగ్ యార్డుకి వెళ్ళాను. మా ఆయనకి దారిలో అంతా చెప్పాను, కల్లం, కారం, లెంపకాయ. ముప్పై ఏళ్ళ కాపురంలో ఈ సంగతి మొదటిసారి వింటున్నారు. ఒక కర్ర తెచ్చుకుని నాతోపాటు కదిలించారు. రెండు వారాల చెత్త. అది దొరికేది కాదు. పద, ఎండెక్కుతోంది అన్నారు చివరికి.

అదే రోజు. సాయంత్రం

జైతున్‌బీ దగ్గరికి వెళ్ళాను. నేనేనండీ అన్నాను. నమ్మలేదు. కల్లం పక్కన ఏముందో చెప్పు అంది. ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం అన్నాను. అప్పుడు చెయ్యి పట్టుకుంది.

నాది నా చేతికే వచ్చింది, నేనే గుర్తుపట్టలేదు, ఆయన నాకేమీ బాకీ లేడు అన్నాను. కళ్ళు మండించినందుకు ఆయన్ని క్షమించమని అడుగుదామనుకుంటూనే ఇన్నేళ్ళూ గడిపేశానని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, ఎట్లా చెప్పానో.

ఆమె నవ్వింది. కూరలో కారం ఎక్కువైనప్పుడల్లా ఆయన, పర్లేదు, ఇంకా పది కిలోమీటర్లే అంటూ తినేవాడంట. ఇంట్లో అందరికీ ఆ మాటే ఊతపదమంట. ఏటా రేసు నెలలో వెళ్ళి ఆ స్తంభం దగ్గర ఆగి చూసేవాడంట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు స్తంభం పీకేశారు. చోటు తెలియక మానేశాడంట.

ఆ లెంపకాయ తర్వాత నాన్న నన్ను కల్లం కాపలాకి పంపలేదు, ఆపైన పెళ్ళై పేటకి వచ్చేశాను. ఆయన అక్కడ వెతికాడు. నేనిక్కడ బస్సు కిటికీలోంచి ఆయన్ని చూస్తూ పోయాను.

8 ఫిబ్రవరి, ఆదివారం. పొద్దున్న 9:50

మార్టూరు దాటాక, మా కల్లం ఉన్నచోట. కొత్త తువ్వాలు, రెండుసార్లు ఉతికాను. గుర్తు పెట్టలేదు.

నగ్మా అందరికంటే వెనక వచ్చింది, మొహం కందిపోయి. ఆగింది. తుడుచుకుంది. ఇంకెంత దూరం ఆంటీ అని అడిగింది.

పది కిలోమీటర్లే అన్నాను.