పెల్హామ్ దొర వేసిన ఓటు

బుచ్చిరెడ్డిపాలెం,
12-2-2025.

చిరంజీవి తమ్ముడు జడ్సన్‌కు అక్క ఎలిశబెతు దీవెనలు. ప్రభువు దయవల్ల నీవు, మరదలు సుఖంగా ఉన్నారని తలుస్తాను. నాకు ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. ఫోను సగంలోనే పెట్టేస్తున్నావు గనక కాగితం మీద రాస్తున్నాను. చివరిదాకా చదువు.

పొద్దున ముత్యాలయ్య వచ్చాడు. ఆదివారం మన చర్చి ముందర పెల్హామ్ దొర పేరున నిలబెట్టే రాయి చెక్కుతున్నది అతనే గదా. "దొర ఓటు సంగతి చెక్కితే రాయి ఎనక్కి పంపిస్తానన్నారు సెక్రటరీ గారు. నేనేం జేసేదమ్మా?" అని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

సంఘం సెక్రటరీగా దొర జీవితం రాయమన్నది నువ్వే. ఆయన డైరీ పంపిందీ నువ్వే. చెప్పులు కుట్టే ఇంట పుట్టి, అమెరికాలో తన రాష్ట్ర శాసనసభకు రెండుసార్లు గెలిచాడని చదివి పొంగిపోయాను. తర్వాత 1869 పేజీలు వచ్చాయి. నల్లవాళ్ళ పిల్లలూ తెల్లవాళ్ళ పిల్లలూ ఒకే బడిలో చదవాలని సభలో బిల్లు పెట్టారు. పొరుగింటి శామ్యూల్ నల్లవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. నా ఓటు మీకేనని దొర అతనికి మాటిచ్చాడు. ఈలోగా ఊరి పెద్దలొచ్చి, అట్లా చేస్తే మళ్ళీ గెలవవు అన్నారు. దొర వద్దనే చెయ్యెత్తాడు. ఒక్క ఓటుతో బిల్లు పోయింది.

మరునాడు వీధిలో శామ్యూల్ ఎప్పటిలాగే టోపీ ఎత్తి పలకరించి పోయాడట. అది తట్టుకోలేక దొర పదవి వదిలి ఓడెక్కాడు. మన ఊరి ఇసకనేలలో బడి పెట్టి, ఎవరూ గడప తొక్కనివ్వని పిల్లల్ని బల్లల మీద కూర్చోబెట్టి, ఇక్కడే కలరాతో పోయాడు.

"గౌరవంగా పండుకోనుండే మనిషిని లేపి కొడతావాక్కా?" అన్నావు నిన్న. కొట్టడం లేదురా. మాట తప్పానని ఆయనే రాసుకున్నాడు. అది తీసేస్తే, ఆయన ఇంత దూరం ఎందుకొచ్చాడో మన పిల్లలకు ఏమని చెబుతాం?

ముత్యాలయ్యను చెక్కమనే చెప్పాను. కోపముంటే నన్నడుగు, అతన్ని కాదు.

ఇట్లు,
నీ అక్క
ఎలిశబెతు

తా.క.: కవరు అంటించి మళ్ళీ చించాను. అన్వర్‌ను పెళ్ళాడిందని మన రెజీనాను సంఘంలోంచి తీసెయ్యడానికి చీటీలు వేయించిన రోజు నీకు గుర్తే. ఒక్క చీటీ తేడా. ఆ తర్వాత నీ కూతురు మన ఊరు రాలేదు. ఆ చీటీ యెహోషువ మామ వేశాడనుకొని తొమ్మిదేళ్ళుగా నువ్వాయన ముఖం చూడవు. ఆ పొద్దున నీ చెయ్యి పట్టుకొని "బిడ్డ పక్కనే ఉంటాలేరా" అన్నాను. నా కొడుక్కి కుదిరిన సంబంధం చెడుతుందని భయపడ్డాను. ఆ చీటీ నాదే, జడ్సన్. రెజీనాకూ ఈరోజే రాశాను.