పాప కాళ్ళు చుట్టొద్దన్నారు

గురువారం, రాత్రి

కొడుకు దగ్గు తగ్గింది. కోడలి నడుము నొప్పి అలాగే ఉంది. నా మోకాళ్ళ సంగతి సరే. ఈరోజు రాయాల్సింది రెండు నెలల మనవరాలి గురించి.

పొద్దున నా కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాస్తుంటే, పాప ఎడమ తొడ పక్కకు విచ్చుకోలేదు. తొడ మడతలు కూడా ఆ పక్కే ఎక్కువ. మైత్రీవనం దగ్గర కంప్యూటర్ కోర్సు పిల్లలకు ప్యాంట్లు కుట్టే నా కొడుకు, టేపు పెట్టి కొలిచి నవ్వాడు. "రెండు కాళ్ళు సమానమే ఉన్నయ్ అమ్మా. నీకు ఊకె ఫికరే."

నేనే పట్టుబట్టి పంజాగుట్ట పిల్లల డాక్టరమ్మకు చూపించాను. ఆమె పాప మోకాళ్ళు మడిచింది. ఎడమది కిందికి ఉంది. తొడ ఎముక తుంటి గిన్నెలో సరిగ్గా కూర్చోలేదేమోనట.

"తొందరగనే తెచ్చిన్రు, మంచిదైంది. స్కానింగుల అదే అని తేలితే కాళ్ళకు బెల్టు పెడదాం. కాళ్ళు చాపి బిగించి చుట్టకున్రి."

రోజూ గుడ్డతో అలా చుట్టింది నేనే. అందుకేనేమో. రేపు నడిచేటప్పుడు కుంటితే...

ఇప్పుడు కప్పపిల్లలా కాళ్ళు మడిచి పడుకుంది. చలేస్తుందేమో, చుట్టాలని నా చేతులు ఊరుకోవడం లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కలిపి గట్టిగా పట్టుకున్నాను.

స్కానింగు సోమవారం, పొద్దున పదింటికి.